రేస్ ఇవ్వగానే దగ్గే పాత స్ప్లెండర్: కార్బరేటర్ మీద చెయ్యి వేసే ముందు, వేశాక

సిగ్నల్ పడింది, ఫస్ట్ గేరులో క్లచ్ వదులుతూ రేస్ ఇచ్చారు, బండి ముందుకు లాగాల్సింది పోయి ఒక్క క్షణం గొంతు పట్టేసినట్టు ఆగి, తర్వాత ఎవరో వెనక నుంచి తోసినట్టు ఒక్కసారిగా అందుకుంది. కార్బరేటర్, అంటే పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం, ఉన్న పాత బండి నడిపే వాళ్ళందరికీ ఇది తెలిసిన బాధే. కొందరు మిస్సింగ్ అంటారు, కొందరు పికప్ పోయిందంటారు, మా వైపు బండి దగ్గుతోంది అంటాం.

మా ఇంట్లో 2001 నాటి స్ప్లెండర్ ఉంది, నాన్న కొన్నది. రెండేళ్ళ కిందట సూర్యాపేట దగ్గర ఊరి రోడ్డు మీంచి హైవే ఎక్కుతూ, లారీ ఇంకా దూరంగానే ఉంది కదా అని రేస్ తిప్పాను, బండి దగ్గి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఏమీ కాలేదు, కాళ్ళతో నెట్టుకుంటూ పక్కకి వచ్చేశాను, కానీ ఆ హారన్ మోత చాలా రోజులు చెవుల్లోంచి పోలేదు. అప్పటిదాకా పాత బండి అంటే ఇంతేలే అని సర్దుకుపోయేవాణ్ణి. ఆ తర్వాత ముగ్గురు మెకానిక్‌లకి చూపించాను. ముగ్గురూ చేసింది ఒకటే, స్క్రూడ్రైవర్ తీసుకుని రెండు స్క్రూలు అటూ ఇటూ తిప్పి, ఐడ్లింగ్ పెంచి, ఇంక ఆగదు సార్ అని చెప్పడం. ఐడ్లింగ్ పెంచితే దగ్గు కాసేపు వినపడదు గానీ లోపల రోగం రోగంలాగే ఉంటుంది. చివరికి నేనే కూర్చుని విప్పాను, తప్పు దొరికింది. ఆ చేసిన పని మొత్తం, చేసిన వరసలోనే రాస్తున్నాను. నేను చెప్పేది 97.2 సీసీ హీరో హోండా బళ్ళ గురించి, అంటే సీడీ100, స్ప్లెండర్, పాషన్ పాత మోడళ్ళ గురించి. వేరే బండి అయినా స్లైడ్ కార్బరేటర్ ఉంటే పద్ధతి దాదాపు ఇదే.

ముందు అసలు ఎందుకు దగ్గుతుందో చూద్దాం. రేస్ కేబుల్ లాగితే కార్బరేటర్లో గుండ్రటి స్లైడ్ పైకి లేస్తుంది, దారి తెరుచుకుంటుంది. గాలి తేలిక, వెంటనే దూసుకొస్తుంది. పెట్రోలు బరువు, అది సన్నటి జెట్లోంచి, అంటే చిన్న రంధ్రమున్న ఇత్తడి ముక్కలోంచి, పైకి లేచి రావాలి, ఆ కాస్త సమయంలో ఇంజన్లోకి వెళ్ళేది ఎక్కువ గాలి, తక్కువ పెట్రోలు. కార్బరేటర్ ఉన్న పాత కార్లలో ఈ లోటు పూడ్చడానికి యాక్సిలరేటర్ పంపు అని చిన్న పిచికారీ లాంటిది ఉంటుంది. మన 100 సీసీ కార్బరేటర్లో అది లేదు. దీంట్లో ఉన్న ఏర్పాటల్లా ఒకటే, ఐడ్లింగ్‌లో, తక్కువ రేస్‌లో పెట్రోలు అందించే స్లో జెట్ దగ్గర మిశ్రమం కొంచెం చిక్కగా, అంటే పెట్రోలు పాలు ఎక్కువగా, ఉంచడం. అందుకే ఆ చిన్న దారిలో ఏ కాస్త మడ్డి అడ్డుపడినా, ఎక్కడి నుంచైనా దొంగగాలి లోపలికి వచ్చినా, మొదట బయటపడేది ఈ దగ్గు రూపంలోనే.

పానా పట్టుకునే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దీన్ని మాత్రం దయచేసి వదిలేయకండి. బండి రేస్ తిప్పుడులో ఎక్కడ దగ్గుతోందో కనుక్కోవాలి. రేస్ గ్రిప్పు మీద, దాని పక్కనున్న కదలని భాగం మీద తెల్ల టేపు ముక్కలు అతికించండి. రేస్ పూర్తిగా వదిలేసినప్పుడు రెండు టేపుల మీదా ఒకే గీత, పూర్తిగా తిప్పినప్పుడు ఇంకో గీత, మధ్యలో పావు, అర, ముప్పావు దగ్గర గీతలు. ఇప్పుడు ఖాళీ రోడ్డు మీద, ఇంజన్ బాగా వేడెక్కాక, నెమ్మదిగా ఒక్కో గీత దాటిస్తూ నడపండి, తర్వాత అదే గీతల దగ్గర ఒక్కసారిగా తిప్పి చూడండి. ఐడ్లింగ్ నుంచి పావులో సగం దాకా దగ్గితే స్లో జెట్, దాని పక్కన ఉండే మిక్చర్ స్క్రూ చూడాలి. అక్కడి నుంచి పావు దాకా స్లైడ్ కింది అంచుకి ఉండే కోత పని చేస్తుంది, దాన్ని మనం మార్చేది ఏమీ ఉండదు గానీ స్లైడ్ అరిగిందా అని చూసుకోవాలి. పావు నుంచి ముప్పావు వరకు నీడిల్, అంటే స్లైడ్‌కి వేలాడే సన్నటి సూది, అది దిగే గొట్టం. ముప్పావు దాటాక మెయిన్ జెట్. సిగ్నల్ దగ్గర దగ్గే బండికి మెయిన్ జెట్ మార్చి పంపించిన మెకానిక్‌లు ఉన్నారు, డబ్బులు పోవడం తప్ప దగ్గు పోదు, ఎందుకంటే సిగ్నల్ దగ్గర మెయిన్ జెట్‌కి పెద్దగా పనే లేదు.

ఇంకో విషయం. కార్బరేటర్ మీద నింద పడే కేసుల్లో చాలావాటికి కార్బరేటర్‌తో సంబంధమే ఉండదు. విప్పడానికి అరగంట పడుతుంది, కింద చెప్పేవి చూడటానికి పది నిమిషాలు చాలు, అందుకని ఇవి ముందు.

ట్యాంకు మూత. దాంట్లో గాలి ఆడటానికి సన్నటి రంధ్రం ఉంటుంది, దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ లోపల గుంజుడు ఏర్పడి పెట్రోలు కిందికి దిగదు. దీని గుర్తు ఏమిటంటే, బయల్దేరినప్పుడు బండి బాగానే ఉంటుంది, నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళాక మొదలవుతుంది, ఆపి మూత తెరిస్తే సుయ్‌మని శబ్దం వస్తుంది, మళ్ళీ కాసేపు బాగుంటుంది. తర్వాత పెట్రోలు పైపు కార్బరేటర్ దగ్గర ఊడదీసి సీసాలో పెట్టి కాక్ తిప్పండి, ధార తెగకుండా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే కాక్ లోపలి జాలీ మూసుకుపోయింది, పాత ట్యాంకుల్లో తుప్పు పొడి వచ్చి అక్కడే పేరుకుంటుంది. ఎయిర్ ఫిల్టర్ స్పాంజిది అయితే కిరోసిన్‌లో కడిగి, పిండి, ఆరబెట్టి, కొద్దిగా ఇంజన్ ఆయిల్ రాసి మళ్ళీ గట్టిగా పిండి పెట్టాలి. కాగితం ఫిల్టర్ అయితే దులిపి సరిపెట్టకండి, మార్చేయండి. ప్లగ్గు విప్పి గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉందేమో చూడండి, ప్లగ్గు క్యాపు వైరుకి గట్టిగా పట్టుకుని ఉందేమో తిప్పి చూడండి. వాన పడ్డ రోజు మాత్రమే దగ్గే బండికి నేనైతే ముందు ఆ క్యాపే మారుస్తాను. రేస్ కేబుల్ కవర్ లోపల పీచులు లేచి ఇరుక్కుంటే స్లైడ్ మెలమెల్లగా కాకుండా ఒక్క గెంతులో లేస్తుంది, అదీ దగ్గులాగే అనిపిస్తుంది.

ట్యాపెట్లు, అంటే ఇంజన్ వాల్వుల్ని నొక్కే భాగాలు, కూడా చూసుకోవాలి. ఈ ఇంజన్‌కి చల్లగా ఉన్నప్పుడు 0.05 మిల్లీమీటర్ల సందు ఉండాలి, అంటే చాలా తక్కువ. చప్పుడు వస్తోందని కొందరు మరీ బిగించేస్తారు, బిగిస్తే వాల్వు పూర్తిగా కూర్చోదు, ఐడ్లింగ్ నిలవదు, రేస్ ఇస్తే ఊపిరి అందదు. సందు కొలిచే పలచటి రేకుల ఫీలర్ గేజ్ వాడటం అలవాటు లేకపోతే ఇది ఒక్కటీ బాగా తెలిసినవాళ్ళతో చేయించండి, కానీ గేజ్ పెట్టి చేశారా లేక చేత్తో ఊపి చూసి వదిలేశారా అన్నది దగ్గర నిలబడి చూడండి.

ఇవన్నీ బాగున్నా దగ్గుతోందంటే అప్పుడు కార్బరేటర్ వైపు రావాలి. వచ్చేముందు ఇంకో ప్రశ్న, పెట్రోలు తక్కువై దగ్గుతోందా, ఎక్కువై దగ్గుతోందా? చోక్ ఉన్నది చలికాలం పొద్దున్న స్టార్ట్ చేయడానికే కాదు, దీనికి కూడా పనికొస్తుంది. చోక్ వేస్తే గాలి తగ్గి మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. వేడెక్కిన బండికి చోక్ సగం వేసి అదే రోడ్డు మీద, అదే గీత దగ్గర రేస్ ఇవ్వండి. దగ్గు తగ్గితే పెట్రోలు చాలట్లేదు, ఇంకా పెరిగితే పెట్రోలు ఎక్కువవుతోంది. పెట్రోలు తక్కువైన బండి చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ సతాయిస్తుంది, ఒక్కోసారి కార్బరేటర్ వైపు టప్‌మని తుమ్ముతుంది, ప్లగ్గు మొన సున్నం రాసినట్టు తెల్లగా ఉంటుంది. ఎక్కువైన బండి చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక డబడబమంటుంది, ప్లగ్గు మీద పొడి మసి పట్టి ఉంటుంది, సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన ముక్కుకి కొడుతుంది. మైలేజీ పడిపోయి దగ్గుతుంటే ఎక్కువ వైపు అనుమానించండి, మైలేజీ బాగానే ఉండి దగ్గుతుంటే తక్కువ వైపు.

నా బండికి సగం చోక్ వేయగానే దగ్గు దాదాపు పోయింది. అంటే పెట్రోలు తక్కువ, లేదా గాలి ఎక్కువ. ఈ రెండూ పైకి ఒకలాగే కనిపిస్తాయి, ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. పెట్రోలు దారి మూసుకుపోకపోయినా, కార్బరేటర్‌కి ఇంజన్‌కి మధ్య అతుకులోంచి లెక్కలో లేని గాలి లోపలికి వెళ్తుంటే అచ్చం అలాగే దగ్గుతుంది. దీన్ని కనిపెట్టడం సులువు. బండి స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో ఉంచి, సబ్బు నీళ్ళు కొద్దిగా పిచికారీ సీసాలో పోసి, కార్బరేటర్ ఇంజన్ పైపుకి బిగించిన అతుకు చుట్టూ కొట్టండి. ఇంజన్ శబ్దం ఏ మాత్రం మారినా, తగ్గినా పెరిగినా, గాలి అక్కడి నుంచే లోపలికి పోతోంది. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు, వేడి ఇంజన్ మీద ఆ పని ఎప్పుడూ చేయకండి.

నేను సబ్బు నీళ్ళు కొట్టగానే ఐడ్లింగ్ ఒక్క క్షణం మారి మళ్ళీ మామూలైంది. రెండు 10 నంబర్ బోల్టులు విప్పి కార్బరేటర్ లాగితే దాని ముఖానికి గాడిలో కూర్చునే నల్ల రబ్బరు రింగు కనిపించింది. కొత్త రింగు గాడిలోంచి కాస్త పైకి ఉబ్బి ఉంటుంది, బోల్టు బిగిస్తే నలిగి సందు మూస్తుంది. నాది గాడితో సమానంగా చదునైపోయి ఉంది, గోరుతో గీస్తే ప్లాస్టిక్ ముక్కలాగా గట్టిగా తగిలింది, బయటికి తీయబోతే రెండు ముక్కలైంది. ఇరవై ఏళ్ళు ఇంజన్ వేడికి కాగి కాగి అలా అయిపోయింది. ముగ్గురిలో ఒక్కరు కూడా దాన్ని బయటికి తీసి చూడలేదు.

రింగు మారిస్తే సరిపోదు, ఆ ముఖం చదునుగా ఉందేమో కూడా చూడాలి. గాలి పోతోందని బోల్టులు ఇంకా ఇంకా బిగించి రెండు చెవులూ వంచేసిన కార్బరేటర్లు చాలా ఉంటాయి. స్టీలు స్కేలు అంచు ముఖానికి ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి, మధ్యలో సందు కనిపిస్తే వంగినట్టే. వంపు కొద్దిగానే ఉంటే అద్దం ముక్క మీద నున్నటి ఉప్పుకాగితం పరిచి, ముఖాన్ని దాని మీద నెమ్మదిగా గుండ్రంగా రుద్దితే దారికొస్తుంది, పొడి లోపలికి పోకుండా రంధ్రంలో గుడ్డ కుక్కండి. మధ్యలో ఉండే నల్లటి గట్టి దిమ్మ, అంటే ఇంజన్ వేడి కార్బరేటర్‌కి రాకుండా పెట్టేది, పగులు ఇచ్చిందేమో చూడండి. తిరిగి పెట్టేటప్పుడు రెండు బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి, పానా మీద వేళ్ళ బలం చాలు.

ఇంతదాకా వచ్చారు కాబట్టి లోపల కూడా శుభ్రం చేసుకోండి. ఇంటి బయట, గాలి ఆడే చోట, పొయ్యి గానీ దీపం గానీ దగ్గర్లో లేకుండా. కాక్ ఆపి, కింది గిన్నెకి ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పెట్రోలు ఒక గాజు సీసాలోకి పట్టండి, పారబోయకండి, చూడండి. నేను ఆ సీసాని ఎండకి ఎత్తి పట్టుకుంటే అడుగున పెసరగింజంత నీటి బొట్లు పెట్రోల్లో కలవకుండా పాదరసంలా దొర్లుతూ కనిపించాయి, వాటి చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. స్లో జెట్ రంధ్రం వెంట్రుకకి కాస్త లావు అంతే, అలాంటి ఒక్క బొట్టు వచ్చి అడ్డం కూర్చుంటే చాలు.

గిన్నె స్క్రూలు ఎన్నో ఏళ్ళ నుంచి కదలక పట్టేసి ఉంటాయి. సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్‌తో బాగా నొక్కిపట్టి తిప్పండి, తల అరిగిపోయిందంటే తర్వాత అదొక పెద్ద పని. గిన్నె తీశాక ఫ్లోట్ పిన్ను పక్కకి నెట్టి, గిన్నెలో పెట్రోలు మీద తేలే ఫ్లోట్ తీయండి, దానికి వేలాడుతూ చిన్న వాల్వు వస్తుంది, కింద పడితే దొరకదు, కింద తెల్ల గుడ్డ పరుచుకోండి. ఆ వాల్వు మొన మీద ఉంగరంలా గాడి పడి ఉంటే మార్చేయండి, అదే ఉంటే పెట్రోలు ఓవర్‌ఫ్లో అవుతుంది, మీ బండి ఎక్కువ వైపు దగ్గుతుంటే చాలాసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది. ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల గలగలమంటే చిల్లు పడి పెట్రోలు ఎక్కింది, అది పనికిరాదు.

మిక్చర్ స్క్రూ తీసేముందు ఒక చిన్న పని. దాన్ని నెమ్మదిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆగిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి, ఒకటిన్నర, రెండుంపావు, ఎంతైతే అంత. ఆగాక ఇంకా బిగిస్తే దాని సూది మొన అది కూర్చునే చోటుని పాడు చేస్తుంది, తగలగానే ఆపాలి. తర్వాత పూర్తిగా బయటికి తిప్పి తీయండి. దాని వెంట స్ప్రింగు వస్తుంది, కొన్నిటిలో సన్నటి వాషర్, చిన్న రబ్బరు రింగు కూడా ఉంటాయి, అవి రాకపోతే రంధ్రం లోపలే ఉండిపోయాయేమో టార్చి వేసి చూడండి, అవి లోపల ఉండగా స్ప్రే కొడితే రబ్బరు ఉబ్బిపోతుంది.

జెట్‌లు విప్పి ఆకాశం వైపు పట్టుకుని చూడండి, రంధ్రం గుండ్రంగా, స్పష్టంగా వెలుతురు కనిపించాలి. స్లో జెట్ కొన్ని కార్బరేటర్లలో స్క్రూలా విప్పొచ్చు, కొన్నిటిలో బాడీలోనే బిగించేసి ఉంటుంది, రాకపోతే బలవంతం చేయకుండా అక్కడే కడగండి. పిన్నీసుతో, సైకిల్ పోచతో పొడవకండి. జెట్ ఇత్తడిది, మెత్తన, ఒక్క గీత పడినా రంధ్రం కొలత మారిపోతుంది, ఆ తర్వాత ఎంత ట్యూనింగ్ చేసినా కుదరదు. కరెంటు వైరు లోపలి ఒక్క రాగి పోచ గానీ, చేపల గాలానికి వాడే నైలాన్ దారం గానీ చాలు. కార్బరేటర్ క్లీనర్ స్ప్రే కళ్ళలో పడకుండా అద్దాలు పెట్టుకుని, దాని సన్నటి గొట్టం మిక్చర్ స్క్రూ రంధ్రంలో పెట్టి కొట్టండి. కార్బరేటర్ నోట్లోకి చూస్తే, స్లైడ్ దిగే చోటికి ఇంజన్ వైపున, సూది మొనంత రంధ్రాలు కనిపిస్తాయి, స్ప్రే వాటిలోంచి సన్నటి ధారగా రావాలి. రాకపోతే ఎంత మెరిసేలా తోమినా ఆ కార్బరేటర్ శుభ్రం కానట్టే. రేస్ తిప్పిన మొదటి క్షణంలో ఇంజన్‌కి పెట్రోలు అందించేవి ఆ రంధ్రాలే కాబట్టి నేను ఎక్కువసేపు గడిపింది వాటి దగ్గరే, స్ప్రే కొట్టడం, పావుగంట నానబెట్టడం, మళ్ళీ కొట్టడం, చివరికి పక్క వీధిలో పంక్చర్ షాపుకి పట్టుకెళ్ళి టైర్లకి గాలి కొట్టే పైపుతో ఊదించాను. ఫ్లోట్, వాల్వు, రబ్బరు రింగులు పక్కన పెట్టి, ఒట్టి లోహం భాగానికి మాత్రమే ఇది చేయాలి.

తిరిగి బిగించేటప్పుడు స్లైడ్‌కి ఉన్న పొడవాటి గాడి లోపలి పిన్ను మీద కూర్చోవాలి, కింది అంచు కోత ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండాలి. మూత బిగించాక రేస్ తిప్పి వదలండి, టక్‌మని కిందికి పడాలి. ఇది చూడకుండా స్టార్ట్ చేస్తే ఇంజన్ ఒక్కసారిగా ఫుల్ రేస్‌లో అరుస్తుంది. గిన్నె ప్యాకింగ్ మెలిక పడకుండా గాడిలో పరవండి, కాక్ తెరిచి ఐదు నిమిషాలు ఎక్కడా కారట్లేదని చూసి అప్పుడు కిక్ కొట్టండి.

ఇక సెట్టింగ్. మెకానిక్‌లు రెండు నిమిషాల్లో చేసేది, నిజానికి అరగంట పట్టేది ఇదే. బండి ముందు నాలుగైదు కిలోమీటర్లు నడిపి రండి, చల్లటి ఇంజన్ మీద పెట్టిన సెట్టింగ్ వేడెక్కాక నిలవదు. కార్బరేటర్‌కి బయట రెండు స్క్రూలు ఉంటాయి, ఒకటి స్లైడ్‌ని ఎత్తి పట్టేది, అది ఐడ్లింగ్ స్క్రూ. రెండోది మిక్చర్ స్క్రూ. ఇది ఏ రకమో తెలుసుకోకుండా తిప్పితే ఉల్టా జరుగుతుంది. స్లైడ్‌కి ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, లోపలికి తిప్పితే గాలి తగ్గి మిశ్రమం చిక్కనవుతుంది. స్లైడ్‌కి ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పితే చిక్కనవుతుంది. ఒకే పేరున్న బండికి కూడా ఏడాదిని బట్టి కార్బరేటర్ మారి ఉండొచ్చు, పైగా పాత బండికి ఎవరో ఎప్పుడో వేరే కార్బరేటర్ వేసి ఉండొచ్చు, అందుకని ఎవరి మాటా వినకుండా మీ కంటితో చూసి తేల్చుకోండి.

మిక్చర్ స్క్రూని మీరు రాసుకున్న లెక్క దగ్గర, ఆ లెక్క మీద నమ్మకం లేకపోతే ఒకటిన్నర చుట్ల దగ్గర పెట్టి మొదలుపెట్టండి. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఒక్కసారికి అర పావు చుట్టు మాత్రమే తిప్పి, పది సెకన్లు ఆగి వినండి. ఒక వైపు తిప్పుతుంటే శబ్దం పెరుగుతూ పోయి, ఒక చోట పెరగడం ఆగి, ఆ తర్వాత తగ్గడం మొదలవుతుంది. ఎక్కడ ఎక్కువగా, తడబడకుండా తిరిగిందో అక్కడ ఆపండి. ఇప్పుడు ఐడ్లింగ్ స్క్రూతో వేగం తగ్గించండి, మళ్ళీ మిక్చర్ దగ్గరికి రండి, ఇలా రెండు మూడు సార్లు. ఈ ఇంజన్ ఐడ్లింగ్ సుమారు 1400 ఆర్‌పీఎం. అప్పుడు రేస్ ఒక్కసారిగా పావు దాకా తిప్పి వదలండి. ఇంకా కాస్త దగ్గితే చిక్కనయ్యే వైపు అర పావు చుట్టు, మళ్ళీ చూడండి. పూర్తిగా పోయిన చోట ఆపేయండి, ఇంకాస్త బాగుంటుందేమో అని ముందుకి వెళ్ళకండి. పెట్రోలు స్క్రూ మూడు చుట్లు దాటి బయటికి వచ్చినా, గాలి స్క్రూ అర చుట్టు కన్నా లోపలికి పోయినా గానీ దగ్గు పోవట్లేదంటే స్లో జెట్ దారి ఇంకా మూసుకునే ఉంది లేదా దొంగగాలి ఇంకా ఎక్కడో వస్తోంది, వెనక్కి వెళ్ళి అవి చూడాల్సిందే.

మన దగ్గర ఎవరూ వాడని మీటరు ఒకటుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే వ్యానులో ఉండేది. ఎలాగూ ఆరు నెలలకో ఏడాదికో వెళ్తాం, కాగితం తీసుకుని జేబులో పెట్టుకుంటాం. 2000 మార్చి తర్వాత తయారైన టూవీలర్లకి ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం దాటకూడదు, అంతకు ముందువాటికి 4.5. ఆ కాగితం మీద అంకె సున్నాకి దగ్గరగా ఉండి బండి దగ్గుతుంటే మిశ్రమం పలచగా ఉందని అర్థం, పరిమితి దాటి ఉంటే చిక్కగా ఉందని. గొట్టం నిజంగా సైలెన్సర్‌లో పెట్టి కొలిచే చోటికే వెళ్ళండి, అడిగితే స్క్రూ తిప్పుతూ రెండోసారి కూడా చూపిస్తారు.

ఇప్పుడు పెట్రోలు గురించి, పాత బళ్ళవాళ్ళకి ఇది చాలా ముఖ్యం. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ కలపడం పూర్తయింది, 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపినది బంకుల్లోకి రావడం మొదలైంది. పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో దాదాపు 14.7 రెట్లు గాలి కావాలి, ఇథనాల్‌కి 9 రెట్లు చాలు. జెట్ రంధ్రం మారలేదు, లోపలికి వచ్చే గాలి మారలేదు, కాబట్టి 2001లో సరిగ్గా ఉన్న అదే కార్బరేటర్ ఇప్పుడు పలచటి మిశ్రమం ఇస్తోంది. దానికి తోడు ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరుని పాడు చేస్తుంది. మీ బండి పావు నుంచి ముప్పావు మధ్య మందంగా, ఊగిసలాడుతూ నడుస్తుంటే, చోక్ కాస్త వేస్తే బాగుంటుంటే, స్లైడ్‌లోని నీడిల్ బయటికి తీసి దాని మెడకి ఉన్న క్లిప్పు ఒక్క గాడి కిందికి దించండి. క్లిప్పు కిందికి దిగితే నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోలు ఎక్కువ వస్తుంది. కొన్ని నీడిల్స్‌కి ఒకే గాడి ఉంటుంది, అప్పుడు క్లిప్పు కింద అర మిల్లీమీటరు మందం వాషర్ వేస్తారు. ఒక్క గాడి మాత్రమే మార్చి రెండు రోజులు నడిపి ప్లగ్గు చూడండి, లేత ఇటుక రంగు గానీ బూడిద రంగు గానీ ఉంటే సరిపోయింది. నెలకి పైగా బండి తీయని పక్షంలో గిన్నెలో పెట్రోలు డ్రెయిన్ చేసి పెట్టండి, లేకపోతే ఎండిపోయి జిగురుగా మారి ఇంత కష్టపడి శుభ్రం చేసిన ఆ రంధ్రాల్లోనే పేరుకుంటుంది.

ఆర్‌ఎక్స్100 లాంటి టూస్ట్రోక్ బండి అయితే పలచటి మిశ్రమంతో ఒక్క రోజు కూడా తిరగకండి. టూస్ట్రోక్‌లో పలచనైతే దగ్గుతో ఆగదు, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది, అదీ మంచి స్పీడులో ఉన్నప్పుడు. ముందు చిక్కన వైపు పెట్టుకుని నెమ్మదిగా వెనక్కి రావాలి.

పాత మారుతి 800 ఉన్నవాళ్ళకి పని వేరు. ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి, కార్బరేటర్ నోట్లోకి టార్చి వేసి, చేత్తో యాక్సిలరేటర్ లింకు లాగండి. లాగిన వెంటనే పెట్రోలు సన్నటి ధారగా లోపలికి చిమ్మాలి. ఆలస్యంగా వచ్చినా, కారినట్టు వచ్చినా యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ పోయినట్టే, కిట్ తెచ్చి మార్చాలి, అప్పుడు మిక్చర్ స్క్రూ ముట్టుకోవాల్సిన అవసరమే రాకపోవచ్చు.

అన్నీ చేశాక టేపు గీతలు అలాగే ఉంచి మళ్ళీ అదే రోడ్డు మీద, అదే గేరులో నడిపి చూడండి. నాకు రింగు, గిన్నె ప్యాకింగ్, ప్లగ్గు క్యాపు మార్చి, స్లో దారి శుభ్రం చేశాక కింది దగ్గు పూర్తిగా పోయింది, సగం రేస్ దగ్గర మిగిలిన కాస్త ఊగిసలాట నీడిల్ ఒక గాడి లేపాక పోయింది. మీకు ఇంత చేసినా మధ్యలో దగ్గుతూనే ఉంటే స్లైడ్‌ని చేత్తో ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. వదులుగా కొట్టుకుంటుంటే, నీడిల్ మీద ఒక వైపే మెరుపు గీత అరిగి ఉంటే, కార్బరేటర్ వయసు అయిపోయింది. అప్పుడు నీడిల్, అది దిగే గొట్టం రెండూ కలిపి మార్చండి, ఒకటే మారిస్తే ఉపయోగం లేదు. స్లైడ్ కూడా పోతే మొత్తం కార్బరేటరే, కానీ బాక్సు మీద పేరు చూసి కాకుండా జెట్ మీద చెక్కిన నంబరు పాతదానితో సరిపోల్చుకుని తీసుకోండి.